దృష్టిదోషము

డిచ్‌పల్లి కొండమీది రామాలయమునకు 105 మెట్లు. ఆ కొండకు కొంత దూరమున నొక చిన్న యింటి అరుగుమీద, ఒడిలో చాట పెట్టుకొని, తునికాకును కత్తిరించి, పొగాకు నించి, దారము చుట్టి, బీడీలు కట్టుచు దినము గడుపు ఒక ముసలమ్మ నాకు చిరకాలముగా ఎరుక. ఆమె కొడుకు దుబాయిలో పని చేయును. కోడలును బీడీలే చుట్టును. మనుమరాలు ఎనిమిదవ తరగతి చదువుచున్నది. బతుకమ్మ పండుగ వెళ్లిన పది దినములకు నేనటు పోవునప్పటికి, ఆ ముసలమ్మ గుప్పెడు ఉప్పును, ఎండుమిరపకాయలను పట్టుకొని మనుమరాలి తలచుట్టు త్రిప్పుచుండెను. పిల్ల సరిగా అన్నము ముట్టి మూడు దినములైనదట. బడికి పోనని మంచము దిగకున్నదట.

"ఏమైంది బిడ్డా, చెప్పరాదు?" అని అవ్వ యడిగెను.

"ఏం కాలేదవ్వా. ఊకో" అని పిల్ల గోడవైపు తిరిగెను.

"పిల్లకు మస్తు దిష్టి తాకింది సారూ. పండుగనాడు పట్టులంగ ఏసుకుంటే అందరి కండ్లు దీని మీదనే పడ్డయి" అని నాతో ననుచు ముసలమ్మ ఆ మిరపకాయలను పొయ్యిలో వైచెను.

తరువాత తెలిసినదేమనగా, పండుగనాడు ఆ పిల్ల పట్టులంగాతో తీయించుకొన్న ఫోటోను తోటి విద్యార్థి యొకడు ఎత్తుకొని, ముఖమును వికారముగా సాగదీసి, క్రింద నొక బూతుమాట చేర్చి, పిల్లలు తమలో తాము పెట్టుకొన్న వాట్సాప్ గ్రూపులో వైచినాడు. ఆ గ్రూపులో నలువదిమంది కలరు. కొందరు నవ్వుబొమ్మలు పెట్టిరి. ఇద్దరు దానిని ఇన్‌స్టాగ్రాములోనికి ఎక్కించిరి. మిగిలినవారు చూచి యూరకుండిరి.

ఆ ముసలమ్మకు వాట్సాప్ అనగా నేమో తెలియదు. అయినను ఆమె చేసిన రోగనిర్ణయమును మూఢవిశ్వాసమని త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు. బిడ్డకు కన్ను తగిలినదని ఆమె చెప్పినది; నిజముగనే తగిలినది; ఒక కన్ను కాదు, ఎనుబది కన్నులు. చంటిబిడ్డ బుగ్గపై కాటుకచుక్క పెట్టిన మన తల్లులు, కొత్తయింటి గుమ్మమునకు బూడిదగుమ్మడికాయ వ్రేలాడగట్టిన మన పెద్దలు, చూపు వట్టి చూపుగా నిలువదనియు, అది ఎదుటివానిని పోయి తాకుననియు, తాకి లాలింపనుగలదు, కందింపనుగలదనియు ఎరిగియుండిరి. ఆ విశ్వాసములోని భౌతికాంశమును మనము విడిచిపెట్టినను నైతికాంశము మిగిలియేయున్నది: పసివారిని పరుల చూపునుండి కాపాడుట పెద్దల ధర్మము. మరి కాపాడవలసిన లోకమే గుమిగూడి చూచునదైనప్పుడు ఆ దృష్టిదోషపు పాపమెవరిది? బొమ్మను చెరచిన బాలునిదా? దానిని మోసుకొనిపోయిన ఇద్దరిదా? నవ్వినవారిదా? నవ్వక, కాదనక, చూచి యూరకుండినవారిదా? ఆ సభకు చావడి కట్టి, దీపము వెలిగించి, వచ్చిపోవువారివలన లాభము గడించు కంపెనీదా? పోలీసుస్టేషనులోను న్యాయస్థానములోను తేలవలసిన ప్రశ్న వేరు. నేనిచ్చట నడుగుచున్నది ప్రతివాడును రాత్రి దీపమార్పి పడుకొన్నప్పుడు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న.

ఈ సెల్లు మా ప్రాంతపు ఇండ్లలోనికి శత్రువుగా రాలేదని మొదటనే చెప్పవలెను. నిజామాబాదు జిల్లాలో గల్ఫునకు పోయినవాడు లేని ఊరు అరుదు. దుబాయి, మస్కట్, దమ్మాం పోయిన తండ్రి ముఖమును బిడ్డ చూచునది ఈ అద్దములోనే. నిజాం రాజ్యకాలమున బోధనులోని శక్కర్‌నగరున నెలకొని, చెరకు పండించువారికిని చక్కెర తీయువారికిని ఒకప్పుడు అన్నము పెట్టిన నిజాం షుగర్స్ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. పనికై దూరము పోయినవారి ఇండ్లలో సెల్లు దగ్గరి చుట్టమై కూర్చుండెను. కరోనా కాలమున బడులు మూతవడగా, 2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్లలో పాఠములు ప్రారంభించినది. టీవీలో పాఠము, సెల్లులో ఇంటిపని. అట్లు అది పలకయు బలపమును కూడ నైనది. ప్రేమ చెప్పగా, బడి చెప్పగా, ప్రభుత్వము చెప్పగా మనమే దానిని బిడ్డ చేతిలో పెట్టితిమి. పెట్టినందుకు నేనెవ్వరిని తప్పు పట్టను. పెట్టిన పిదప అది పలక మాత్రమే కాదనియు, అదియొక సభయనియు మనకు తోచకపోవుటయే మన లోపము. పలకమీది వ్రాతను బిడ్డ తానే తుడుచుకొనును. సభలో జరిగిన అవమానమును బిడ్డ తుడుచుకొనజాలదు.

సభయన్న మాట వచ్చినప్పుడు భారతము చదివినవానికి ఒక్క సభయే జ్ఞప్తికి వచ్చును. ద్రౌపదిని ఈడ్చుకొనివచ్చిన దినమున, భీష్మద్రోణాదులు తల వంచుకొని కూర్చుండియుండగా, విదురుడు లేచి ఒక పూర్వకథ చెప్పెను. ప్రహ్లాదుని కుమారుడగు విరోచనునకును, అంగిరసుని కుమారుడగు సుధన్వునకును ఒక కన్య విషయమై తమలో నధికు డెవ్వడను వివాదము పుట్టినది. ఇద్దరును ప్రాణములు పణమొడ్డి, తీర్పునకై ప్రహ్లాదునికడకే పోయిరి. ఒకవైపు కన్నకొడుకు ప్రాణము, ఒకవైపు ధర్మము. సంశయమున పడిన ఆ తండ్రి కశ్యపుని ఆశ్రయించి, తెలిసియు బదులు చెప్పనివానికి, తెలిసియు తప్పు చెప్పినవానికి పట్టు గతి యేమని యడిగెను. కామముచేతగాని, క్రోధముచేతగాని, భయముచేతగాని తెలిసిన నిజమును చెప్పనివానిని వరుణుని వేయి పాశములు బంధించుననియు, ఏడాది నిండిన గాని అందొక్క పాశము ఊడదనియు కశ్యపుడు చెప్పెను. చెప్పి, సభాపాపమునకు ఒక లెక్క కట్టెను. నింద్యమైన పని జరుగుచుండగా దానిని నిందింపని సభలో, ఆ పాపమున సగము సభకు శ్రేష్ఠుడైనవానిది, పావు చేసినవానిది, పావు నోరు మెదపని సభ్యులది. నిందింపదగినవానిని నిందించిన సభలోనో, శ్రేష్ఠుడు నిష్పాపుడు, సభ్యులు విముక్తులు, పాపమంతయు చేసినవానినే పోయి చేరును.

ఈ లెక్కను నేను బాల్యమున విన్నప్పుడు నీతికథలోని యొక మలుపుగా విని మరచితిని. ఆ పిల్ల మంచము ప్రక్కన కూర్చుండి దానిని మరల తలచుకొన్నప్పుడు, అది మన కాలమునకై వ్రాసియుంచిన దస్తావేజువలె కనబడినది. మనము అలవాటుగా పాపమంతయు చేసినవాని నెత్తిన పెట్టి, చేతులు కడుగుకొని, మిగిలినవారిని ఇండ్లకు పంపుదుము. కశ్యపుడు చేసినవానికి పావు మాత్రమే ఇచ్చి, ముప్పాతిక భాగమును తమకేమియు సంబంధము లేదనుకొనుచున్నవారికి పంచినాడు. ఈ పంపకములోని మూడు వాటాలను ఒక్కొక్కటిగా విచారింతము.

చేసినవాని పావు మొదటిది. ఆ ఫోటోను చెరచిన బాలునికి పదమూడేండ్లు. వానికి ఆ విద్య గర్భమునుండి రాలేదు, ఎవరో నేర్పిరి. 2024 జూలైలో తెలుగునాట జరిగినది పాఠకులు మరచియుండరు. ఒక తండ్రి తన చిట్టికూతురితో ఆడుకొనుచున్న వీడియోను తీసికొని, చదువుకొన్న యువకులు కొందరు యూట్యూబులో కూర్చుండి, ఆ తండ్రీబిడ్డల లాలనకు లైంగికార్థము అంటగట్టి, దానిని హాస్యమని పేరు పెట్టి నవ్వుకొనిరి. నటుడు సాయి ధరమ్ తేజ్ ఆ సంగతిని బహిరంగముగా ఎత్తి, రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వముల దృష్టికి తెచ్చిరి. తెలంగాణ ఉపముఖ్యమంత్రి మల్లు భట్టివిక్రమార్క వెంటనే బదులు చెప్పిరి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు నమోదు చేయగా, ప్రధాన నిందితుని బెంగళూరులో అరెస్టు చేసిరి. బాలలను లైంగికనేరములనుండి కాపాడు పోక్సో చట్టము, ఐటీ చట్టము ఆ కేసులో ప్రయోగింపబడినవి. న్యాయస్థానము చేయవలసిన పని న్యాయస్థానము చేయును. నేనాలోచించునది వేరొకటి. పెద్దలు పసిపిల్లను చూచి అట్లు నవ్వుటను, అట్లు నవ్వినవారికి వేలమంది చూపరులు దొరకుటను, పదమూడేండ్ల బాలుడు ప్రతిరాత్రి దుప్పటిలో చూచుచుండును. కీర్తి వచ్చు మార్గమిది యని వాడనుకొనుటలో వింత యేమి? వాని తప్పు తప్పే. కాని ఆ తప్పు మనము వ్రాసిపెట్టిన మేలుబంతిని చూచి వాడు దిద్దిన అక్షరము.

అట్లని వానిని విడిచిపెట్టుమని నేననుట లేదు. ఇట్టి బాలుని తలిదండ్రులు సాధారణముగా ననుమాట, పిల్లలాట సారూ, పెద్దది చేయకుండ్రి, అని. ఆ తలిదండ్రులకు ప్రహ్లాదుని కథలోని చివరి భాగమును వినిపింపవలెను. ప్రహ్లాదుడు కొడుకు ముఖము చూడక, సుధన్వుడే అధికుడని తీర్పు చెప్పెను. చెప్పుటయనగా కొడుకు ప్రాణమును ఒప్పగించుటయే. పుత్రస్నేహమును విడిచి ధర్మమునందు నిలిచిన ఆ తండ్రిని చూచి సుధన్వుడు మెచ్చి, విరోచనుని ప్రాణము విరోచనునికే ఇచ్చివైచెను. కొడుకును రక్షించినది తండ్రి అబద్ధము కాదు, తండ్రి నిజము. తప్పు చేసిన బిడ్డను, నీవు చేసినది తప్పు, పోయి ఆ పిల్లను క్షమాపణ వేడుమని చేయి పట్టి నడిపించిన తండ్రి వానిని పోగొట్టుకొనడు. అది పిల్లలాటయని కప్పిపుచ్చిన తండ్రియే, పదేండ్ల తరువాత, ఏ పోలీసుస్టేషను మెట్లమీదనో వానిని పోగొట్టుకొనును.

రెండవది చూచి యూరకుండినవారి పావు. ఇది మనకు మిక్కిలి దగ్గరిది, అందుచేతనే అన్నిటికంటె బరువైనది. మా బోధనుకు పోదనమను పూర్వనామము కలదు. గోదావరీతీరపు అస్మక జనపదమునకు అది రాజధానియని చరిత్రకారులు చెప్పుదురు. బాహుబలి యేలిన పోదనపురమదియే యని జైనులలో నొక నమ్మిక. ఆ జైనుల గృహస్థధర్మమును బోధించిన సమంతభద్రాచార్యుని రత్నకరండ శ్రావకాచారమున అనర్థదండవిరతి యను వ్రతమొకటి కలదు. పొట్టకూటికై, ప్రాణరక్షణకై తప్పక జరుగు హింస వేరు. ఏ ప్రయోజనమును లేక ఊరకే జరుగు హింస వేరు. ఈ రెండవదానిని గృహస్థు పూర్తిగ మానవలెను. దానికి ఐదు ముఖములు చెప్పబడినవి: పాపోపదేశము, హింసాదానము, అపధ్యానము, దుఃశ్రుతి, ప్రమాదచర్య. హింసాదానమనగా కత్తి, గొడ్డలి, నిప్పు మొదలగు హింసాసాధనములను ఇతరుల చేతికి ఇచ్చుట; తాను కొట్టకపోయినను, కొట్టుటకు పనిముట్టు అందించుట. దుఃశ్రుతియనగా మనస్సును కలుషితము చేయు మాటలను చెవియొగ్గి వినుట. తాను పలుకకపోయినను, పలుకువానికి శ్రోతయగుట. ఇన్ని శతాబ్దముల క్రిందట ఒక దిగంబరముని, ఫార్వర్డ్ చేయుట హింసాదానమనియు, చూచుచు కూర్చుండుట దుఃశ్రుతియనియు మనకు తెలుపుటకే ఆ జాబితా వ్రాసెనా యనిపించును.

ఆ నలువదిమందిలో ముప్పదిమందికి పైగా ఏమియు చేయలేదు. అది వారి సమాధానము. "నేను ఏమన్న అన్ననా సారూ, చూసిన అంతే" అని వారిలో నొకడు నాతో నిజాయితీగానే అన్నాడు. కాని అవమానము అవమానమగుటకు సాక్షి కావలెను. ఏకాంతమున ఒకడు అన్న బూతుమాట గాలిలో కలిసిపోవును. నలువదిమంది చూచిన బూతుమాట ఆ పిల్లకు రెండవ పేరగును. చూచినవారి సంఖ్యయే ఆ ఆయుధమునకు పదును. దేశపు చట్టమును ఒక మేరకు ఈ నిజమునే గుర్తించినది. పిల్లలపై లైంగికదుశ్చర్యలు గల చిత్రములను తెలిసియు తొలగింపక, అధికారులకు తెలుపక దాచియుంచుకొనుట పోక్సో చట్టము 15వ సెక్షను క్రిందికి రాగలదని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పే మరియొక మేలు చేసినది. అట్టి చిత్రములను వినోదసూచకమైన పాతపేరుతో పిలువరాదనియు, అవి పిల్లలపై జరిగిన దోపిడికిని దౌష్ట్యమునకును సాక్ష్యములు గనుక ఆ పేరుతోనే పిలువవలెననియు చెప్పినది. పేరు మారిన చూపు మారును. ఇక పైన చెప్పిన బాహుబలి అన్నతో తలపడి, అతనిని చేతులతో పైకెత్తి, నేలకు కొట్టగలిగియుండియు, మెల్లగా దింపి, రాజ్యమును విడిచిపోయెనని కథ. గెలిచినందుకు కాదు, ఎత్తిన చేతిని దింపినందుకు లోకమాతనికి మ్రొక్కుచున్నది. మీటపై నెక్కుపెట్టిన వ్రేలిని వెనుకకు తీసికొనుట ఆ జాతికి చెందిన వీరమే.

మూడవది శ్రేష్ఠుని సగము. ఈ కాలపు సభకు శ్రేష్ఠుడెవ్వడు? చావడి ఎవరిదో, తలుపు ఎవరు తెరతురో, ఎవరి మాటను పదిమందికి వినిపింపవలెనో ఎవరి మాటను మూలకు నెట్టవలెనో ఎవరు నిర్ణయింతురో వారే శ్రేష్ఠులు; అనగా ఈ మాధ్యమములను నడుపు కంపెనీలు. 2000 నాటి మన ఐటీ చట్టములోని 79వ సెక్షను, నిర్ణీతమైన జాగ్రత్తలు పాటించిన మధ్యవర్తికి, ఇతరులు పెట్టిన విషయముల నిమిత్తమై బాధ్యత లేదని రక్షణ యిచ్చుచున్నది. ఉత్తరములోని తిట్టునకు తపాలాబంట్రోతును శిక్షింపలేమను న్యాయము దీనికి మూలము. ఆ న్యాయములో కొంత నిజము కలదు. కాని తపాలాబంట్రోతు ఏ ఉత్తరములో తిట్టు ఎక్కువ గలదో విప్పి చూచి, దానికి వేయి ప్రతులు తీయించి, అడుగనివారి ఇండ్లలో కూడ వేయడు. ఎక్కువమంది ఆగి చూచునది మంచిదా చెడ్డదా యని విచారింపక, ఆగి చూచుచున్నారు గనుక ఇంకను ఎక్కువమందికి చూపు యంత్రమును నడుపువాడు బంట్రోతు కాడు; సభాధ్యక్షుడు. తమ శరీరమును గూర్చి అప్పటికే క్రుంగియున్న బాలికలలో నూటికి 32 మంది, ఇన్‌స్టాగ్రాము తమ బాధను మరింత పెంచినదని చెప్పినట్లు ఆ కంపెనీ స్వంతపరిశోధనలోనే తేలియుండెను. 2021లో అందు పనిచేసి వెలుపలికి వచ్చిన ఫ్రాన్సెస్ హాగెన్ ఆ కాగితములను బయటపెట్టువరకు ఆ సంగతి లోకమునకు తెలియదు. కామము, క్రోధము, భయము అని కశ్యపుడు చెప్పిన మూడు కారణములలో లాభకామము మొదటనే యున్నది. తెలిసియు చెప్పనివానికి వేయి పాశములు!

లోకమిప్పుడిప్పుడే ఈ సగమును వసూలు చేయుటకు పూనుకొనుచున్నది. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టము, 18 ఏండ్లు నిండనివారి వివరములను వాడుటకు తలిదండ్రుల ధ్రువీకృతమైన అనుమతి కావలెననియు, పిల్లల నడవడిని వెంబడించి గమనింపరాదనియు, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపరాదనియు విధించినది. ఆస్ట్రేలియా 2024 నవంబరులో చట్టము చేసి, 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపు వారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలను నిషేధించినది. ఆ చట్టములో నాకు నచ్చినదొకటి కలదు: ఉల్లంఘన జరిగినచో 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జరిమానా కంపెనీకే గాని, పిల్లకు లేదు, తల్లికి లేదు. ఆ నిషేధము ఫలించునా లేదా యన్నది కాలము చెప్పును. భారమును ఎవరిపై మోపవలెనో ఆ లెక్క మాత్రము కశ్యపుని లెక్కకు దగ్గరగా నున్నది.

అయితే శ్రేష్ఠుడు కాలిఫోర్నియాలో మాత్రమే లేడు. ఇంటికి తండ్రి శ్రేష్ఠుడు, తల్లి శ్రేష్ఠురాలు, తరగతికి ఉపాధ్యాయుడు, ఊరికి పెద్దలు. ఆ పిల్ల మూడు దినములు నోరు విప్పలేదని చెప్పితిని. ఎందుకు విప్పలేదని తరువాత నడిగితిని. "చెప్తే అమ్మ సెల్లు గుంజుకుంటది సారూ. బాపుతోని మాట్లాడుడు బందైతది. బడి గూడ బంద్ చేస్తరేమో" అని ఆమె చెప్పినది. గాయపడినది తాను, శిక్ష పడునదియు తనకేయని ఆమె భయము. ఆ భయము నిరాధారమైనది కాదు. బిడ్డ యేడ్చుచు వచ్చినప్పుడు మన ఇండ్లలో మొదటిమాట, ఆ ఫోటో ఎందుకు దిగితివి, అన్నదే. ఆ ఒక్క ప్రశ్నతో తల్లి న్యాయాధిపతి పీఠముపై నెక్కును. బిడ్డ ముద్దాయి బోనులో నిలుచును. నిజమైన అపరాధి తలుపు వెనుక నవ్వుచుండును. సెల్లు తీసికొని దాచుట సులభము. బిడ్డ వచ్చి చెప్పుకొను గుండెగా తాను మారుట కష్టము. రక్షణయన్న మాటకు అర్థము ఈ రెండవదానిలోనే కలదు.

బోధనే భారతములోని ఏకచక్రపురమని మా ప్రాంతమున చెప్పుకొందురు. ఆ ఊరి బకాసురుని కథను పిల్లలకు భీముని తిండిని వర్ణించి నవ్వించుటకు చెప్పుదుము గాని, దానిలోని భయంకరమైన విషయము రాక్షసుడు కాదు, ఊరు. బండెడన్నము, రెండు దున్నపోతులు, ఒక మనిషి, ఇంటికొక వంతు అని ఊరు రాక్షసునితో ఒడంబడిక చేసికొని, తన వంతు రానంతవరకు ప్రశాంతముగా వండుకొని తినుచుండెను. వంతు వచ్చిన బ్రాహ్మణుని ఇంట తండ్రి నేను పోదుననెను, తల్లి నేను పోదుననెను, కూతురు నేను పోదుననెను. ఇంకను మాటలు సరిగా రాని పసివాడొకడు గడ్డిపరక పట్టుకొని, దీనితో రాక్షసుని చంపెదనని బయలుదేరెను. ఆ ఏడ్పులో కూడ అందరికి నవ్వు వచ్చెనట. మనము మన పిల్లలకు చెప్పునది కూడ ఆ గడ్డిపరకయే. పట్టించుకొనకుము, బ్లాక్ చేయుము, ధైర్యముగా నుండుము, అందురు పెద్దలు. ఇవి మంచి మాటలే; గడ్డిపరక కూడ మంచిదే. కాని ప్రపంచములోని గొప్ప ఇంజనీర్లు రాత్రింబగళ్లు పెంచి పోషించిన యంత్రమునకు ఎదురుగా పదమూడేండ్ల బిడ్డను గడ్డిపరకతో పంపి, మనము ఇంట కూర్చుండుట ఏకచక్రపుర ధర్మము. కుంతి చేసినది వేరు. వంతు తనది కాకపోయినను, పరాయి ఇంటి బిడ్డకై తన బలవంతుడైన కొడుకును పంపెను. రక్షణ బలవంతుని పని. అదియు పరాయిబిడ్డ నిమిత్తమైన పని.

నావంటి పెద్దలకు డిచ్‌పల్లి అనగానే మరియొక స్థలము తలపునకు వచ్చును. డాక్టరు ఇసబెల్ కెర్ అను మిషనరీ వైద్యురాలు, నిజామాబాదు దాత రాజా నర్సాగౌడు తోడ్పాటుతో 1915లో ఇచ్చట నెలకొల్పిన విక్టోరియా కుష్ఠువైద్యశాల అది. వ్రేళ్లు పోయినదానికంటె, ఊరు వెలివేసినదియే ఆ రోగులను ఎక్కువ తినివేసినదని నా నమ్మకము. మందు దేహమునకు పనిచేయును; వెలికి మందు మరియొక మనిషి వచ్చి ప్రక్కన కూర్చుండుట. ఆ రోగము నేడు మందులతో కుదురుచున్నది. వెలివేయు బుద్ధి మాత్రము కుదురలేదు. మా జిల్లా పల్లెలలో గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబములను బహిష్కరించిన వార్తలు నేటికిని పత్రికలలో చదువుచునేయున్నాము. పెద్దలు ఊరిలో చేయునదియే పిల్లలు గ్రూపులో చేయుదురు: ఒకరిని అందరును కలసి ఎగతాళి చేయుట, పిమ్మట ఆమె ప్రక్కన ఎవ్వరును కూర్చుండకపోవుట. అందుచేత చికిత్సయు పాతదే.

ఆ పిల్ల కథ యెట్లు ముగిసినదో చెప్పి విరమింతును. నాలుగవ దినమున, ఆ గ్రూపులో ఎన్నడును మాటాడని యొక బాలిక ఒక్క వాక్యము వ్రాసినది: "ఇది మంచిగ లేదు, తీసెయ్యుండ్రి." కొంతసేపు అందరును మౌనము. పెద్దమనిషి వచ్చిందిరా అని యొకడు వెక్కిరించెను. పిమ్మట ఇంకొకరు, మరియిద్దరు, అదే మాట వ్రాసిరి. సాయంకాలమునకు ఆ బొమ్మ గ్రూపునుండి తొలగింపబడెను. వ్రాసిన బాలిక మరునాడు వచ్చి, ఆ అరుగుమీద, చాట ప్రక్కన, స్నేహితురాలి సరసన ఊరకనే కూర్చుండెను. ఆ పిల్ల అప్పుడు తల్లితో సంగతి చెప్పినది. వారము తరువాత బడికి పోయినది. ఎక్కడెక్కడి సెల్లులలో ఆ బొమ్మ ఇంకను మిగిలియున్నదో మనము చెప్పలేము. గాయము పూర్తిగ మానినదనియు నేననను. కాని ఆ వాక్యము వ్రాయబడిన క్షణమున, కశ్యపుడు చెప్పినట్లే, సభ్యులకు విముక్తి మొదలైనది.

కౌరవసభలో కూడ ఒక పిన్నవాడు లేచెను. ధృతరాష్ట్రుని కుమారులలో నొకడగు వికర్ణుడు, విదురుడు తప్ప పెద్దలెవ్వరును పలుకని మాట పలికెను. నీవు బాలుడవు, నీకేమి తెలియునని కర్ణుడు వానిని కసరి కూర్చుండబెట్టెను. ఆనాడు ఆ బాలుని ప్రక్కన విదురుడుగాక మరియొక్క వృద్ధుడు నిలిచియుండిన భారతకథ వేరుగా నడచియుండునేమో. అందుచేత పెద్దలకు నా విన్నపమిది. మీ యింటి బిడ్డ ఏడ్చుచు వచ్చినచో మొదట అక్కున చేర్చుకొనుడు, పిమ్మట విచారింపుడు. మీ యింటి బిడ్డయే ఏడ్పించినదైనచో ప్రహ్లాదుని తలచుకొనుడు. మీ చేతిలోని సెల్లులోనికి ఏ బిడ్డ అవమానము వచ్చి వ్రాలినను దానిని అచ్చటనే ఆపివేయుడు. తప్పని ఒక్కమాట వ్రాయుడు. ఆపదలోనున్న బిడ్డకొరకు 1098కిని, సైబరు నేరముల విషయమున 1930కిని ఫోను చేయుటకు సంకోచింపకుడు. వికర్ణులు మన ఇండ్లలో పుట్టుచునేయున్నారు. వారు లేచి నిలిచినప్పుడు వారి ప్రక్కన నిలుచుటయే మన వంతు.